ప్రేమకథకు తీర్పరి యెవరు?

కొంతకాలము క్రిందట మా పుస్తక పరిచయ ప్రసంగములో మేము ఆరు గ్రంథములను గూర్చి మాటలాడితిమి. ఒకటి చరిత్ర, ఒకటి యాత్రాగ్రంథము, రెండు కవితా సంపుటములు, ఒకటి వ్యాస సంకలనము. వీనికి తలకు రెండేసి నిమిషములు దక్కినవి. ఆరవది ఒక ప్రేమకథ. కళాశాలలో చదువుకొను అమ్మాయిలు ఒకరి చేతినుండి ఒకరు లాగుకొని చదువునట్టి నవల. అచ్చుప్రతితో పాటు ఒక నటీమణి దానిని ఆద్యంతము చదివి వినిపించిన ఆడియో పుస్తకము కూడ మాకు చేరియుండెను. ఆ నవలకు మేమిచ్చినది ఒక్క వాక్యము: అది పొద్దుపోకకు పనికివచ్చు కథ యని.

వారము తిరుగకమునుపే ఒక జాబు వచ్చినది. వ్రాయించినది చూపులేని యొక విద్యార్థిని. వ్రాసిపెట్టినది ఆమె గదిలోని స్నేహితురాలు. "అయ్యా, ఆ నవలను మీరు పూర్తిగా వింటిరా? పది పన్నెండు రాత్రులు మాకు తోడుగానున్న ఆ గొంతు ఎట్లున్నదో మీరొక్క మాటయైన చెప్పలేదు. మాకు పుస్తకమనగా ఆ గొంతే. పొద్దుపోక యనిరి. పొద్దు పోవుట అందరికిని అంత సులభమని మీకెవరు చెప్పిరి?" ఇంతే జాబు.

ఉన్నమాట చెప్పవలెను. ఆ నవలను మేము మొదట ఇరువది పుటలు, కడపట పది పుటలు చదివితిమి. ఆడియో పుస్తకమును అసలు విననే లేదు. గొంతునే నమ్ముకొని బ్రదుకుచున్న మేము సాటి గొంతును వినకయే తీర్పు చెప్పితిమి. ఆ విద్యార్థినికి జవాబు వ్రాయుటకు కూర్చున్నప్పుడు మాకొక సందేహము కలిగినది. యువజనులు చదువుకొను కథలను, ప్రేమకథలను చూచినంతనే సమీక్షకుని కలము ఇట్లు తొందరపడుట ఎప్పటినుండి వచ్చిన అలవాటు? ఆ కథలకు తీర్పు చెప్పు అధికారము ఎవరిది? ఈ ప్రశ్నలను పట్టుకొని వెనుకకు నడువగా తేలిన చరిత్రనే ఈనాడు శ్రోతలతో పంచుకొనుచున్నాము.

చాలమంది ఈ కథను ఇంగ్లండులో 1740వ సంవత్సరము నుండి మొదలుపెట్టుదురు. ఆ యేడు లండనులో ముద్రాపకుడైన సామ్యూల్ రిచర్డ్‌సన్ 'పామెలా' యను నవలను వెలువరించెను. ఒక పరిచారిక తన మానమును కాపాడుకొని, తుదకు తన్ను వేధించిన యజమానినే పెండ్లాడిన కథ అది. ఆ నవల కంటితో చదువబడినంతగా చెవితోను వినబడినది. స్లౌ అను ఊరిలో కమ్మరివాడు సాయంకాలములందు దాగలిపై కూర్చుండి దానిని పైకి చదువగా ఊరివారెల్ల గుమిగూడి వినుచుండిరనియు, పామెలా పెండ్లి ఘట్టము రాగానే జనులు పట్టలేని సంతోషముతో చర్చి గంటలు మ్రోగించిరనియు ఒక కథ కలదు. ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ తొంబదియేండ్లు గడచిన పిమ్మట, 1833లో ఈ కథను చెప్పెను. ఇన్ని యేండ్ల తరువాత చెప్పినది కావున దీని వివరములను చరిత్రకారులు అంతగా నమ్మరు. అయినను ఒక సంగతి నిజము. ఆ కాలమున నవల యనగా ఇంటిలో ఒకరు చదువగా పదుగురు వినునది. దీపము ఖరీదు, పుస్తకము ఖరీదు, చదువు అంతకన్న ఖరీదు.

ఇట్టి జనాదరణను చూచి పండితులకు భయము కలుగుట సహజమే. 1750 మార్చి 31వ తేదీన డాక్టర్ జాన్సన్ తన 'రాంబ్లర్' పత్రికలోని నాలుగవ వ్యాసమున క్రొత్త నవలలను విచారణకు పెట్టెను. ఇవి పిన్నవారికిని, చదువు లేనివారికిని, పనిలేనివారికిని వ్రాయబడుచున్నవి; వారి మనసులు మెత్తనివి, ఎట్టి ముద్ర వేసిన అట్టి ముద్ర పడును; కావున రచయితలు మంచి శీలమునే చూపవలెను అని ఆయన వాదము. వాదములో బలము లేకపోలేదు. కాని ఆయన జీవితములోనే దీనికొక చమత్కారమైన తోక కలదు. బాల్యమున జాన్సను వీరప్రణయ గాథలనిన చెవికోసుకొనువాడట. పెద్దవాడైన పిమ్మటకూడ ఒక వేసవిలో పల్లెకు పోయినప్పుడు అట్టి లావుపాటి గ్రంథమునొక దానిని సాంతము చదివెననియు, తన మనసు ఒకచోట నిలువకపోవుటకు ఆ గాథలే కారణమని తానే చెప్పుకొనెననియు ఆయన మిత్రుడు పెర్సీ చెప్పగా బాస్వెల్ తన గ్రంథమునకెక్కించెను. తీర్పరియే ఒకప్పుడు ముద్దాయి యన్నమాట.

ఆ దినములలోనే సమీక్షా పత్రికలు పుట్టినవి. 1749లో రాల్ఫ్ గ్రిఫిత్స్ 'మంత్లీ రివ్యూ'ను, 1756లో నవలాకారుడు స్మాలెట్ సంపాదకుడుగా 'క్రిటికల్ రివ్యూ'ను ఆరంభించిరి. వీనిలో చరిత్రకు, మతమునకు, ప్రకృతి శాస్త్రమునకు దీర్ఘమైన వ్యాసములు. నవలలలో పెక్కింటికి చివరి పుటలలో చిన్న అక్షరములతో రెండు మూడు పంక్తులు. అద్దె కట్టించుకొని పుస్తకములిచ్చు గ్రంథాలయములు వీధివీధికిని వెలసి, స్త్రీలు నవలలను సంపుటములకు సంపుటములుగా తెప్పించుకొని చదువుచున్న కాలమది. చదువువారు వేలు, సమీక్షకుడు వ్రాయునది రెండు పంక్తులు. మేము ఆ ప్రేమకథకు చెప్పిన ఒక్క వాక్యమునకు వంశవృక్షము ఇక్కడ దొరకినది.

దీనికి ఎదురుచెప్పిన కలము కూడ ఆ చదువరులలోనుండియే పుట్టినది. జేన్ ఆస్టెన్ యౌవనమున వ్రాసిన నవలనొక దానిని 1803లో ఒక ప్రకాశకుడు పది పౌనులకు కొని అచ్చువేయక మూలపెట్టెను. ఆమె కుటుంబము 1816లో దానిని అదే వెలకు తిరిగి కొనినది. ఆమె మరణించిన పిమ్మట, 1817 డిసెంబరులో అది 'నార్తాంగర్ ఆబీ' యను పేరుతో వెలువడినది. అందులో ఆమె కథను నిలిపి మరీ నవలల పక్షమున వాదించును. నవలను తిట్టుపని సమీక్షకులకే విడిచిపెట్టుదము, మనలో మనము ఒకరినొకరము కాదనుకొనరాదు అని తోడి రచయిత్రులను హెచ్చరించును. నవల చదువుచు పట్టుబడిన పిల్ల సిగ్గుపడి, అబ్బే, వట్టి నవలయే యని చెప్పుటను చూచి ఆమె నొచ్చుకొనినది. తాను ప్రేమించినదానిని గూర్చి తానే సిగ్గుపడునట్లు పిల్లకు నేర్పినది ఎవరు?

ఇదే ఆస్టెన్ జీవితములో మాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమింకొకటి గలదు. 1813 జనవరిలో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవల తొలిప్రతి చాటన్ గ్రామములోని ఆమె యింటికి చేరినది. గ్రంథముపై ఆమె పేరు లేదు. మిస్ బెన్ అను పొరుగామె ఆ సాయంకాలము వారింటికి వచ్చినది. రచయిత్రి యెవరో ఆమెకు తెలియనీయక తల్లీకూతుళ్లు నవలను పైకి చదివి వినిపించిరి. మొదటి రాత్రి బాగుగనే జరిగినది. రెండవ రాత్రి పఠనము మాత్రము ఆస్టెన్‌కు అంతగా రుచింపలేదు. అమ్మ మరీ వేగముగా చదువుచున్నది. పాత్రలు ఆమెకు చక్కగా తెలిసినను, వారు మాటలాడవలసిన తీరున ఆమె మాటలాడలేకపోవుచున్నది అని అక్కకు వ్రాసిన జాబులో ఆస్టెన్ చెప్పుకొనినది.

రేడియోవారమైన మేము ఈ జాబును తలచుకొన్నప్పుడెల్ల చిరునవ్వు నవ్వుకొందుము. ఇది ఆడియో పుస్తకమునకు వ్రాసిన చక్కని సమీక్ష కాక మరేమి? కథ వేరు, వాచకము వేరు. కథ తెలిసినంత మాత్రమున చదువుట రాదు. వేగము మొదటి దోషము. పాత్రకు తగిన పలుకు లేకుండుట రెండవది. ఈ రెండు మాటలలోనే మా వృత్తి రహస్యమంతయు ఇమిడియున్నది. రెండు వందల యేండ్ల క్రిందట ఒక పల్లెటింటి వసారాలో, ఒక కూతురు తల్లినిగూర్చి మెత్తగా చెప్పిన మాటలివి. అచ్చు సమీక్షకులకు ఇవి తోచుటకు చాలకాలము పట్టినది.

ఇక పిన్నవారి పుస్తకముల సంగతి. వానిని ఒక పద్ధతి ప్రకారము మొదట సమీక్షించిన గౌరవము శారా ట్రిమ్మర్ అను ఇంగ్లీషు విద్వాంసురాలిది. 1802 మొదలు 1806 వరకు ఆమె నడపిన 'గార్డియన్ ఆఫ్ ఎడ్యుకేషన్' పత్రికలో పిల్లల పుస్తకములను ఒక్కొక్కటిగా తూచి చూచినది. పదునాలుగేండ్ల లోపువారికి ఒక వర్గము, పదునాలుగు మొదలు ఇరువదియొకటి వరకు యువజనులకు వేరొక వర్గము అని విడదీసినదియు ఆమెయే. మెచ్చుకొనవలసిన పనియే. కాని ఆమె తూకపురాయి యొకటే: ఈ పుస్తకము పిల్లను చెడగొట్టునా? ఆ రాయితో తూచగా పాపము, సిండ్రెల్లా కథ కూడ తేలిపోయినది.

ఈ తూకము ఇరువదవ శతాబ్దమున గాని మారలేదు. 1967లో అమెరికాలో 'ది అవుట్‌సైడర్స్' అను నవల వెలువడినది. ఓక్లహోమా రాష్ట్రమున టల్సా నగరములో ఉన్నత పాఠశాల విద్యార్థినిగా నుండగనే ఎస్. ఇ. హింటన్ దానిని వ్రాసినది. వీధి ముఠాలలో తిరుగు బీదపిల్లల స్నేహము, కొట్లాట, మరణము ఇందులోని కథ. ఆడపిల్ల వ్రాసినదని తెలిసినచో మగ సమీక్షకులు చులకన చేయుదురేమోయని ప్రకాశకులు ఆమె పేరును పొడి అక్షరములతో అచ్చువేసిరి. కథ యువజనులది, రచయిత్రియు యువతియే. దాగవలసి వచ్చినది మాత్రము సమీక్షకుని కంటినుండి. దీనినిబట్టియే సమీక్ష యెంత వెనుకబడియుండెనో తెలియుచున్నది.

1978లో మేరీ కె. చెల్టన్, డొరొతీ బ్రోడెరిక్ అను ఇద్దరు గ్రంథాలయ సేవికలు యువజనుల పుస్తకములకై 'వాయిస్ ఆఫ్ యూత్ అడ్వొకేట్స్' అను పత్రికను పెట్టిరి. వారు చేసిన పని చిన్నదిగా కనబడును గాని చాల పెద్దది. ప్రతి పుస్తకమునకును రెండు వేరువేరు మార్కులు వేసిరి. ఒకటి రచన నాణ్యతకు, రెండవది యువజనులు దానిని ఎంత ఇష్టపడి చదువుదురను దానికి. మంచి పుస్తకము, ఇష్టమైన పుస్తకము అను రెంటిని ఒకే బుట్టలో వేయక, ఒకదానితో ఒకదానిని కొట్టక, రెంటిని చెప్పి నిర్ణయమును చదువరికే విడిచిరి. ఇష్టమునుకూడ ఒక సత్యముగా లెక్కించిన సమీక్ష యిది.

ప్రేమకథలకును ఇటువంటి మలుపే వచ్చినది. 1908లో లండనులో జెరాల్డ్ మిల్స్, చార్లెస్ బూన్ అను ఇద్దరు కూడి మిల్స్ అండ్ బూన్ సంస్థను స్థాపించిరి. మొదట అన్ని రకముల గ్రంథములను అచ్చువేసినను, 1930 ప్రాంతమునకు వారు ప్రేమ నవలలకే ప్రసిద్ధులైరి. అద్దె గ్రంథాలయముల ద్వారా అవి ఇంటింటికిని చేరినవి. కెనడాలో 1949లో పుట్టిన హార్లెక్విన్ సంస్థ 1971లో దీనిని కొనివేసినది. ఇంత విస్తారముగా చదువబడు పుస్తకములకు పెద్ద పత్రికల సమీక్షా పుటలలో తావు బహుస్వల్పము. పత్రికలు మౌనము వహించినప్పుడు చదువరులే నోరు విప్పిరి. 1981లో అమెరికాలో క్యాథరిన్ ఫాక్ ప్రేమకథల సమీక్షలకే ప్రత్యేకించి 'రొమాంటిక్ టైమ్స్' పత్రికను ప్రారంభించినది. అది 2018 వరకు నడచినది.

ఆ చదువరులను గూర్చి జానిస్ రాడ్వే అను విదుషీమణి 1984లో ఒక పరిశోధన గ్రంథమును ప్రకటించినది. ఒక పట్టణపు పుస్తకాల అంగడిలో పనిచేయుచున్న స్త్రీ ప్రేమకథలన్నిటిని చదివి, ఏది మంచిదో ఏది కాదో తన గ్రాహకులకు చిన్న పత్రికలో వ్రాసి పంపుచుండెను. రాడ్వే ఆమెను, ఆమె మాట నమ్మి కొనుచున్న గృహిణులను కలసికొని, ఎందుకు చదువుదురని అడిగినది. వారిచ్చిన సమాధానములో కథ ప్రసక్తి తరువాతనే వచ్చినది. పుస్తకము చేత పట్టుకొన్న ఆ గంటసేపు నేను ఎవరి భార్యను కాను, ఎవరి తల్లిని కాను, ఆ గంట నాది యను భావము మొదట వచ్చినది. పరిశోధకురాలు ఆ నవలలను విమర్శింపకపోలేదు. కాని తీర్పు చెప్పకమునుపు సాక్షులను విచారించినది. వీరు తమ పుస్తకములలో మంచిచెడ్డలను నిక్కచ్చిగా ఎంచగలవారని ఆ విచారణలో తేలినది. నాయకుడు క్రూరుడైనచో వారు క్షమింపరు; ముగింపు అతికినట్లున్నను క్షమింపరు.

ఇంతవరకు కంటితో చదువు పుస్తకముల సంగతి. ఇక గొంతులోనికి ఎక్కిన పుస్తకముల సంగతి చూతము. 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టిన ఎడిసను మరుసటి సంవత్సరమే దాని ఉపయోగములను లెక్కించుచు, చూపులేనివారికి పుస్తకములను చదివి వినిపించుట యందొకటిగా పేర్కొనెను. ఊహ బాగున్నది, యంత్రము చాలలేదు. మామూలు గ్రామఫోను ప్లేటు మూడు నాలుగు నిమిషములకే ముగియును. నవల వినవలెనన్న వంద ప్లేట్లకు పైగా కావలెను.

ఈ చిక్కును విడదీసినది చూపులేనివారి కొరకు పనిచేసిన సంస్థలే. ఎక్కువసేపు నడచు ప్లేట్లు సంగీతపు అంగళ్లకు రాకమునుపే వారికొరకు తయారైనవి. అమెరికాలో 1934లో మొదటి 'మాటలాడు పుస్తకములు' వెలువడినవి. ఇంగ్లండులో మొదటి ప్రపంచ యుద్ధమున చూపు పోగొట్టుకొన్న ఇయన్ ఫ్రేజర్ పూనికతో 1935 నవంబరులో ఆరంభమైనవి. ఇంగ్లండులోని ప్లేటు నిమిషమునకు 24 చుట్లు మాత్రమే తిరుగును. ఒక వైపున సుమారు 25 నిమిషముల పఠనము పట్టును. పది ప్లేట్లలో ఒక నవల ఇమిడిపోవును. అక్కడ మొదట విడుదలయైన వానిలో ఆగథా క్రిస్టీ అపరాధ పరిశోధన నవల 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్', జోసెఫ్ కాన్రాడ్ వ్రాసిన 'టైఫూన్' ఉన్నవి. అమెరికా తొలి జాబితాలో దేశ రాజ్యాంగము, షేక్స్పియరు నాటకములు ఉన్నవి. వాని ప్రక్కనే పి. జి. వుడ్‌హౌస్ హాస్య కథలును ఉన్నవి.

ఈ జాబితాను కొంచెము నిలిచి చూడవలెను. ధర్మనిధులతో, ప్రభుత్వ ధనముతో తయారగు పుస్తకములు మనిషిని బాగుచేయునవిగా ఉండవలెనా, సంతోషపెట్టునవిగా ఉండవలెనా యను ప్రశ్న ఇచ్చటనే మొలకెత్తినది. చూపున్నవాడు అంగడికి పోయి రెండణాల కథను కొని దిండుక్రింద దాచుకొనవచ్చును. ఏమి చదువుచున్నావని వానిని ఎవరు అడుగరు. చూపులేనివాని పుస్తకమును ముందుగా ఒక సంఘము ఎంపిక చేయవలెను, ఒకరు చదువవలెను, ఒకరు ముద్రింపవలెను, ఒకరు పంపవలెను. ఇంతమంది చేతులు దాటివచ్చు ప్రేమకథను, ప్రతి చేయియు, ఇది నీకు తగునా యని అడుగ గలదు. కావున వారికి దొరకిన ప్రతి తేలికకథయు ఒక చిన్న స్వాతంత్ర్యమే. పొద్దు పోవుట అందరికిని సులభమా యని ఆ విద్యార్థిని అడిగిన మాటకు అర్థము మాకు ఇక్కడ తెలిసినది.

చదువు తీరును గూర్చియు ఆనాడే రెండు పక్షములు బయలుదేరినవి. పాత్రపాత్రకు గొంతు మార్చి నటించుచు చదువవలెనని కొందరు. కంటితో చదువువారివలె మేము మా మనసులోనే పాత్రలను కట్టుకొందుము, చదువరి మాకు మూలమును స్పష్టముగా అందించి తాను తప్పుకొనవలెనని కొందరు. ఈ తగవు నేటికిని తీరలేదు, తీరనక్కరయు లేదు. కాని ఇది ఒక కళయని, దీనికి గుణదోష విచారణ యవసరమని దీనివలన తేలినది.

ఆ తరువాతి చరిత్ర వేగముగా నడచినది. 1952లో బార్బరా హోల్డ్రిడ్జ్, మేరియన్ మాంటెల్ అను ఇద్దరు యువతులు న్యూయార్కులో కాడ్మన్ సంస్థను పెట్టి డిలన్ థామస్ కవి గొంతును ప్లేటు చేసిరి. 1975లో కాలిఫోర్నియాలో డువాల్ హెక్ట్, కారులో ఉద్యోగమునకు పోవువారికై నవలలను సాంతముగా క్యాసెట్లకెక్కించి అద్దెకిచ్చు 'బుక్స్ ఆన్ టేప్'ను ఆరంభించెను. చూపున్నవారును చెవితో చదువ మొదలుపెట్టిరి. 1992లో రాబిన్ విట్టెన్ స్థాపించిన 'ఆడియోఫైల్' పత్రిక రచనను కాక ముఖ్యముగా పఠనమునే సమీక్షకు తీసికొనినది: పలుకు స్పష్టమా, వేగము తగునా, భావము పొంగిపొరలుచున్నదా, ఎండిపోయినదా అని. 2008 నుండి అమెరికా గ్రంథాలయ సంఘము పిల్లల కొరకు, యువజనుల కొరకు తయారైన ఆడియో పుస్తకములలో ఉత్తమమైన దానికి 'ఒడిస్సీ' బహుమతి నిచ్చుచున్నది. ఒడిస్సీ యనగా హోమరు మహాకావ్యము. అదియు మొదట వినబడిన కథయే.

మన తెలుగునాటను ఈ చరిత్ర లేకపోలేదు. వినుట మనకు క్రొత్త కాదు. పురాణ కాలక్షేపము, హరికథ, బుర్రకథ మన చెవులను తరతరములుగా తీర్చినవి. హరిదాసు గొంతు బాగులేనిచో కథ యెంత గొప్పదైనను అరుగు ఖాళీయగునని పల్లెలోని ముసలమ్మకు తెలుసును. నవలకు మాత్రము మనవారును మొదట పరీక్ష పెట్టిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని' పత్రికలో వెలువడ నారంభించినది. దానికి 'వివేకచంద్రిక' యనియు పేరు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు దానిపై 'వివేకచంద్రికా విమర్శన'మును వ్రాసిరి. గోల్డ్‌స్మిత్ నవలకు అది యెంతవరకు ఋణపడినదను చర్చ పండితులలో చాలకాలము సాగినది. ఆ విమర్శ కఠినమే గాని, గ్రంథమునకు గ్రంథమే వ్రాసిన విమర్శ. రెండు పంక్తులతో త్రోసివేయలేదు.

1960 తరువాత వార, మాస పత్రికలలో స్త్రీల నవలల వెల్లువ వచ్చినప్పుడు మాత్రము ఆ ఓపిక కరువైనది. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' 'జ్యోతి' మాసపత్రికలో వచ్చుచుండగా ఇంటింట సంచికకై ఎదురుచూచిరి. 'జీవన తరంగాలు' 1973లోను, 'సెక్రటరీ' 1976లోను చలనచిత్రములైనవి. ధారావాహికల పుటలను చింపి, కుట్టి, అట్టవేసి ట్రంకుపెట్టెలలో దాచుకొన్న తల్లులెందరో. మధ్యాహ్నవేళ వంటయింటి గడపకడ ఒకామె చదువుచుండగా, బియ్యమేరుచు, పూలుకట్టుచు నలుగురు వినుట ఆనాడు మేమును చూచిన దృశ్యమే. విమర్శకులలో పెక్కుమంది ఆ నవలలు ఊహాలోకములో ఊరేగించునవని ఒక మాటలో తేల్చివేసిరి. ఆ మాట కొంత నిజమై యుండవచ్చును. కాని స్త్రీలు వ్రాసిన నవలలకు గిరాకి పెరుగగా మగవారు కొందరు ఆడపేర్లతో వ్రాయుటకును వెనుదీయలేదు. టల్సా నగరములో ఆడపిల్ల పేరు దాచవలసివచ్చెను. మన యెడ మగవాడు ఆడపేరును అరువు తెచ్చుకొనెను. చదువరుల ఇష్టమునకు గల బలమును దీనికన్న స్పష్టముగా చెప్పు సాక్ష్యముండదు.

మా రేడియో కూడ ఈ కథలోనిదే. 1938లో మదరాసు, 1948లో విజయవాడ కేంద్రములు మొదలైన పిమ్మట కథానికలు, నాటకములు, నవలా పఠనములు తెలుగు ఇండ్లలోనికి గొంతుగా ప్రవేశించినవి. నేడు చేతిలోని ఫోనులో నవల అంతయు వినవచ్చుచున్నది. చట్టమును చేయూత నిచ్చినది. చూపులేనివారు చదువుకొను రూపములలోనికి గ్రంథములను మార్చుటకు వీలుగా 2013 జూనులో మరాకెష్ నగరమున అంతర్జాతీయ ఒప్పందము కుదిరినది. 2014లో దానిని ధ్రువపరచిన మొదటి దేశము మన భారతదేశమే. వినుటకు హక్కు వచ్చినది. ఏది వినదగునో తెలిసికొనుటకు నమ్మదగిన మాట చెప్పవలసిన బాధ్యత మావంటివారిపై మిగిలినది.

జాబునకు జవాబు వ్రాయుటకు ముందు మేము ఆ ఆడియో పుస్తకమును మొదటినుండి తుదివరకు వింటిమి. తొమ్మిది రాత్రులు పట్టినది. మొదటి ప్రకరణములలో ఆమె వేగము ఎక్కువ. ఆస్టెన్ తల్లి గుర్తుకు వచ్చినది. నాలుగవ ప్రకరణము నుండి గొంతు కుదుటపడినది. నాయిక తల్లి మాటలాడునప్పుడు కృష్ణాజిల్లా యాస తెచ్చిపెట్టుకొన్నట్లు కాక, పుట్టినప్పటి నుండి ఉన్నట్లున్నది. నాయకుడు నాయికను అనుమానించి పది ప్రకరణములు బాధపెట్టుట, ఆమె ఒక్క కన్నీటి చుక్కతో క్షమించుట మాకు రుచింపలేదు. అచ్చులో అది లోపముగనే తోచును. కాని ఆ నటీమణి క్షమాపణ ఘట్టమున "సరే" అను మాటను పలికిన తీరులో క్షమ యెంతయో, అలసట యెంతయో, చెప్పక నిలిపిన మాట యెంతయో వినబడినది. రచయిత వ్రాయనిది చదువరి చెప్పినది. ఇరువది పుటలు చదివి తీర్పిచ్చినవానికి ఆ "సరే" ఎన్నటికిని దొరకదు.

ఇదంతయు ఆ విద్యార్థినికి వ్రాసి, తరువాతి పుస్తక పరిచయ ప్రసంగములో మరల చదివితిమి. ప్రేమకథలన్నియు మంచివని మేము చెప్పలేదు, ఇప్పుడును చెప్పము. చెడ్డ నవలను చెడ్డదనుటయే చదువరికి చేయు మర్యాద. కాని ఆ మాట అనుటకు ముందు సాంతము చదువవలెను. విను పుస్తకమైనచో సాంతము వినవలెను. కథకు ఒక తీర్పు, గొంతునకు వేరొక తీర్పు ఈయవలెను. అది యెవరికొరకు పుట్టినదో వారి ఇష్టమునుకూడ సాక్ష్యములో చేర్చవలెను. పుస్తకమును గూర్చి తీర్పు చెప్పవచ్చును గాని, దానిని గుండెలకు హత్తుకొన్న పిల్లను గూర్చి తీర్పు చెప్పరాదు.

ఆమెనుండి రెండవ జాబు వచ్చినది. ఇందులో రెండే వాక్యములు. "నాయకుని సంగతిలో మీతో ఏకీభవించుచున్నాను. 'సరే' అను మాటను మీరును విన్నందుకు సంతోషము."